‘యాప్‌లో లేటంది కదా మాస్టారూ!’: మన మెమూల మీద అపోహలు, వాస్తవాలు

విజయనగరం ప్లాట్‌ఫాం మీద డ్యూటీలో నాకు రోజూ ఎదురయ్యే మాట ఇదే, మెమూల (ఊరూరా ఆగే కరెంటు ప్యాసింజర్ బళ్ల) గురించి. అందుకే ముందు దీని సంగతి తేలుద్దాం.

అపోహ: ఫోన్లో 40 నిమిషాలు లేటు చూపిస్తోంది, నింపాదిగా బయల్దేరొచ్చు.

వద్దు బాబూ. బండి తప్పిపోయి లబోదిబోమనేవాళ్లలో చాలామంది ఈ లెక్క నమ్మినవాళ్లే. పలాస నుంచి వచ్చే మెమూ ఆమదాలవలసలో, అంటే శ్రీకాకుళం రోడ్డులో, 40 నిమిషాలు లేటంటే అది అక్కడి లేటు. అక్కడి నుంచి విజయనగరం దాదాపు 70 కిలోమీటర్లు. టైంటేబుల్ వేసేటప్పుడే ట్రాక్ పనులకీ, వెనక ఎక్స్‌ప్రెస్‌కి దారి ఇవ్వడానికీ కొంత టైం అదనంగా కలుపుతారు. పెద్ద స్టేషన్ల ముందు అది ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. ఆ రోజు కాషన్ ఆర్డర్లు (ఫలానా చోట నెమ్మదిగా పొమ్మనే ఉత్తర్వులు) లేకుండా, వెనక బండికి దారిస్తూ పక్క లైన్లో (లూప్‌లో) ఆగే పని పడకుండా ఉంటే ఆ టైమంతా బండికి మిగిలిపోతుంది. పొందూరు, చీపురుపల్లి దాటేసరికి 40 కాస్తా 25 అవుతుంది. నెల్లిమర్ల దాటి మన హోం సిగ్నల్ (స్టేషన్‌లోకి రానిచ్చే సిగ్నల్) దగ్గరికి వచ్చేసరికి 15కి దిగినా ఆశ్చర్యం లేదు. ఇంకా రాని స్టేషన్‌కి యాప్ చూపించేది అంచనా మాత్రమే. అదీ బండి చివరిగా ఎక్కడ రిపోర్టయిందో దాన్ని పట్టుకుని వేసేది.

ఆమధ్య ఒక పిల్ల హాల్‌టికెట్ చేత్తో పట్టుకుని మెట్లు దిగేసరికి గార్డు పెట్టె ప్లాట్‌ఫాం చివర దాటుతోంది. వెనక వాళ్లమ్మ రొప్పుకుంటూ వచ్చి, ‘ఏటి బాబూ, ఎల్లిపోనాదా? ఫోన్లో ఇంకా అరగంటుందన్నాది!’ అంది. ఏమనగలం? ఆర్టీసీ కాంప్లెక్స్‌కి ఆటో ఎక్కి విశాఖ బస్సు పట్టుకోమన్నాను. పరీక్ష టైముకి అందిందో లేదో తెలీదు, ఆ పిల్ల మొహం మాత్రం ఇంకా కళ్లముందే ఉంది.

బండి రాసిన టైంకంటే ముందు కదలదు. మేం ఇవ్వగలిగిన మాట ఇదొక్కటే. లేటుకి ఎవరూ పూచీ ఉండరు. కాబట్టి రాసిన టైముకే స్టేషన్లో ఉండండి. పరీక్షో, విశాఖ కేజీహెచ్ ఆసుపత్రిలో ఆపరేషనో అయితే అంతకు ముందు బండికే రండి.

అపోహ: కొత్త బళ్లు వేస్తే లేటు పోతుంది.

మెట్రోకి దాని పట్టాలు దానికే, దాని మీద తిరిగేవన్నీ ఒకే వేగంతో పోతాయి. మన లైన్ మీద వందే భారత్, కోరమాండల్, గూడ్సు, ఊరూరా ఆగే మెమూ అన్నీ ఒకదాని వెనక ఒకటి పోవాలి. ఇంకో బండి దూరిస్తే ఉన్న ఇరుకు పెరుగుతుంది. అసలు చూడాల్సింది రేక్ లింక్, అంటే ఒకే రేక్ (పెట్టెల వరస) ఒకదాని తర్వాత ఒకటిగా ఏయే బళ్లుగా తిరగాలో వేసే లెక్క. పొద్దున వచ్చిన రేకే మళ్లీ వెనక్కి పోవాలి. మధ్యలో టైం చాలకపోతే పొద్దుటి లేటు సాయంత్రం దాకా వెంటాడుతుంది. చివరి స్టేషన్‌లో కాస్త ఎక్కువ సేపు నిలబెడితే లేటు అక్కడితో తెగుతుంది. కానీ దానికి రిబ్బను కత్తిరించడం ఉండదు కదా, ఎవరికి కావాలి!

అపోహ: గూడ్సుకి డబ్బులొస్తాయని ప్యాసింజర్‌ని ఆపేస్తారు.

రూలు ప్రకారం ముందు ప్యాసింజరే. అప్పటికే ముందు సెక్షన్‌లో (రెండు స్టేషన్ల మధ్య లైన్లో) దూరిన గూడ్సుని మాత్రం ఎత్తి పక్కన పెట్టలేం.

అపోహ: డ్రైవర్ తలుచుకుంటే లాగించేస్తాడు.

ఆ లైన్‌కి పెట్టిన గరిష్ఠ వేగం (సెక్షన్ స్పీడు) దాటితే అతని ఉద్యోగానికే ముప్పు.

అపోహ: చైన్ లాగితే పోయేది ఒక్క నిమిషమే.

చైన్ లాగితే బ్రేక్ పైపులో గాలి పోతుంది. ఏ పెట్టెలో లాగారో వెతికి, హ్యాండిల్ సరిచేసి, మళ్లీ గాలి ఎక్కించాలి. ఈలోగా వెనక బండికి సిగ్నల్ ఎరుపే. ఊరికే లాగితే రైల్వే చట్టం 141 సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా 1,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

అపోహ: బండి మధ్యలో ఆగితే దిగి నిలబడడమే క్షేమం.

2023 అక్టోబర్ 29న కంటకాపల్లి దగ్గర ఒక ప్యాసింజర్‌ని వెనక నుంచి ఇంకో ప్యాసింజర్ ఢీకొట్టిన ప్రమాదం తర్వాత బండి దారిలో ఆగితే చాలు, జనానికి గుండె జారిపోతోంది. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. కానీ 2022 ఏప్రిల్‌లో సిగడాం మండలం బాతువ దగ్గర ఆగిన రైలు దిగి పక్క లైన్ మీద ఉన్నవాళ్లని కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఢీకొట్టింది. ఆగిన బండిలోనే కూర్చోండి. తప్పనిసరై దిగాల్సి వస్తే పక్క పట్టాలున్న వైపు మాత్రం దిగకండి.