ఎండతో నడిచే మురుగుశుద్ధి

నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట, విడవలూరు వైపు ఏ రొయ్యల రైతును అడిగినా చెబుతాడు, గుంటలో ఆక్సిజన్ అడుగంటేది తెల్లవారుజామునేనని. పగలంతా నాచు ఎండను వాడుకుని ఆక్సిజన్ వదులుతుంది. పొద్దుగూకాక ఆ నాచూ, రొయ్యలూ, అడుగు బురదలోని సూక్ష్మజీవులూ కలిసి దాన్ని ఖర్చు చేసేస్తాయి. అందుకే నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు రాత్రంతా తిరుగుతూ ఉండాలి.

ఊరి మురుగును శుభ్రం చేసే గుంటలు కూడా ఈ లెక్క మీదే నడుస్తాయి. కాకపోతే వాటికి ఏరేటరూ వద్దు, కరెంటూ వద్దు. పెన్నా డెల్టా పల్లెలకు ఇంతకన్నా తగిన పద్ధతి నాకు కనిపించలేదు. ఇక్కడ చాలాచోట్ల భూగర్భజలం పైపైనే ఉంటుంది. కాలువలు పారే రోజుల్లో ఇంకుడు గుంత తవ్వితే మురుగు ఇంకకుండా నిలిచిపోతుంది, లేదంటే పక్కింటి చేతిపంపు నీళ్లలో కలుస్తుంది. ఉదయగిరి మెట్టల్లో పనికొచ్చిన గుంత ఇక్కడ పనికిరాదు.

స్థలం ఎంత కావాలి? జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్ల నీళ్లు. అందులో 80 శాతం మురుగుగా బయటికి వస్తుందని ఇంజనీర్లు అంచనా కడతారు. అంటే 2,000 మంది ఉన్న ఊరికి రోజుకు 88,000 లీటర్లు. అన్ని నీళ్లు 1.2 మీటర్ల లోతులో పది రోజులు నిలవాలంటే సుమారు 18 సెంట్ల నేల కావాలి. గట్లకూ, మురుగు ముందుగా చేరే మొదటి లోతు గుంటకూ ఇంకొంత.

ఆ మొదటి గుంటలో గాలి ఆడదు. బురదా, నులిపురుగుల గుడ్లూ అడుగుకు చేరతాయి. ఆక్సిజన్ అక్కరలేని బాక్టీరియా అక్కడే సగం పైచిలుకు పని ముగిస్తుంది. అక్కడి నుంచి నీళ్లు లోతు తక్కువున్న పచ్చ గుంటలోకి వెళతాయి. మధ్యాహ్నం రెండింటికి దాని ఒడ్డున కూర్చుని చూడండి. రాళ్లకు పట్టిన నాచు మీద ఆవగింజంత బుడగలు వరుసగా పుట్టి పైకి లేస్తుంటాయి. అవి ఆక్సిజన్ బుడగలు. బాక్టీరియా మురికిని తిని కార్బన్ డయాక్సైడ్ వదిలితే, నాచు దాన్ని తీసుకుని ఆక్సిజన్ తిరిగి ఇస్తుంది. ఆ తీసుకోవడంలోనే నీళ్ల క్షారగుణం పెరుగుతుంది. ఎండ బాగా కాసే వేళ పీహెచ్ 9 దాటుతుంది. మలం నుంచి వచ్చే బాక్టీరియా ఆ క్షారానికీ, ఎండకూ తట్టుకోలేక చస్తుంది. మరుగుదొడ్ల సెప్టిక్ ట్యాంకుల పొంగు కూడా వీధి కాలువల్లోకే వస్తున్న మన ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు.

శుద్ధి ఎంతవరకు జరిగిందో బీఓడీ పరీక్ష చెబుతుంది. మన వాతావరణానికి తగ్గట్టు నీటిని 27 డిగ్రీల వద్ద మూడు రోజులు ఉంచి, సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ వాడుకున్నాయో కొలుస్తారు. లీటరుకు 100 మిల్లీగ్రాములకు మించకపోతే పొలానికి పెట్టవచ్చు. కాలువలోకి వదలాలంటే 30 దాటకూడదు.

గుంట పచ్చగా ఉందని కొందరు బ్లీచింగ్ పౌడరు చల్లిస్తారు. దయచేసి ఆ పని చేయకండి, పనిచేసేది ఆ పచ్చదనమే. గుర్రపుడెక్కను మాత్రం కనిపించిన రోజే లాగిపారేయాలి. అదీ పచ్చనిదే గానీ, నీళ్లను కప్పేసి ఎండను లోపలికి పోనివ్వదు. దాని నీడలో దోమలూ పెరుగుతాయి. నీళ్లు గులాబీ రంగుకు తిరిగితే గుంట మోయలేనంత మురుగు వస్తోందని అర్థం. నవంబరు వాయుగుండాలకు నాలుగు రోజులు మబ్బు పట్టినప్పుడు తెల్లవారుజామున వాసన రావచ్చు. ఎండ కాస్తే గుంట మళ్లీ కోలుకుంటుంది. గట్లు మాత్రం 2021 నవంబరు వరదను గుర్తుంచుకుని కట్టాలి.

ఇక మొదటి గుంటలో పూడిక. ఎక్కువ గుంటలు పాడయ్యేది దీన్ని పట్టించుకోకనే. కొలవడం కష్టమేమీ కాదు. పొడవాటి గడకు తెల్ల గుడ్డ చుట్టి, నిలువుగా అడుగుదాకా దించి, మెల్లగా పైకి తీయాలి. గుడ్డకు అంటిన నల్లటి బురద నీళ్ల లోతులో మూడో వంతుకు చేరిందంటే పూడిక తీయించే వేళ అయినట్టే.