పొగ కనబడకుంటే కాలుష్యం లేనట్టేనా? వాహనాల ఫ్యాక్టరీలపై అపోహలు - వాస్తవాలు

పోయిన దసరాకు హనుమకొండలో ఇంటికి వెళ్లినప్పుడు మా కాక ఒక మాటన్నాడు. కాజీపేట దగ్గర అయోధ్యాపురంలో రైల్వే తయారీ యూనిట్‌కు 2023 జులై 8న ప్రధాని శంకుస్థాపన చేసినప్పటి నుంచి మా ఇంట్లో ఫ్యాక్టరీల ముచ్చట ఎక్కువైంది. "నువ్వు పంజేసే కార్ల కంపెనీ ఫొటోలు చూసిన బిడ్డా. పొగే కనబడ్తలేదు. ఇగ కాలుష్యం ఏముంటది?"

పద్దెనిమిదేళ్లుగా నా ఉద్యోగమంతా వాహనాల ప్లాంట్లలోని పెయింట్ షాపుకూ (రంగు వేసే విభాగం), దాని వెనకుండే ఈటీపీకీ (మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు) మధ్యే. కాక అడిగిన ప్రశ్నే కొత్తగా చేరిన ఇంజనీర్లూ అడుగుతారు, చదువుకున్న స్నేహితులూ అడుగుతారు. అందుకే నేను తరచూ వినే అపోహలను ఇక్కడ రాస్తున్నాను. వీటన్నిటికీ మూలం ఒకటే. మనం కాలుష్యాన్ని గొట్టం చివర వెతుకుతాం, అది పుట్టేచోట కాదు.

అపోహ: పొగ గొట్టం లేదంటే గాలి శుభ్రంగా ఉన్నట్టే.

వాహనాల ప్లాంటులో గాలిని ఎక్కువగా పాడుచేసేది కంటికి కనబడదు. అది రంగులోని థిన్నర్ ఆవిరి. థిన్నర్ కలిపిన మెటాలిక్ రంగులను స్ప్రే చేసేటప్పుడు చాలా వాటిలో ముప్పావు వంతు థిన్నరే ఉంటుంది. రంగు కారు మీద ఉండిపోతుంది, థిన్నర్ మాత్రం గాల్లో కలుస్తుంది. అది ఎండలో నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసి, మనం పీల్చే ఎత్తులోనే ఓజోన్‌గా మారుతుంది. పైన ఆకాశంలో మనల్ని కాపాడే ఓజోన్ కింద ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. నీళ్లతో చేసిన రంగుల్లో థిన్నర్ లాంటి సాల్వెంట్ 10 నుంచి 15 శాతమే. కాబట్టి రంగు మార్చడం దగ్గరే సగం యుద్ధం గెలిచినట్టు. రంగును ఆరబెట్టే ఓవెన్ నుంచి వచ్చే ఆవిరిని మాత్రం దాదాపు 800 డిగ్రీల దగ్గర కాల్చేస్తారు. అలా కాల్చే యంత్రంలో సెరామిక్ దిమ్మెలు ఉంటాయి. బయటికి పోయే వేడిని అవి పట్టి లోపలికి వచ్చే గాలికి ఇస్తాయి. 95 శాతం దాకా వేడి అలా తిరిగి దొరుకుతుంది.

కార్ల ప్లాంటు మొత్తం వాడే ఎనర్జీలో సగం, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువే, పెయింట్ షాపుకు పోతుంది. అందులో పెద్ద వాటా ఓవెన్లతో పాటు బూత్‌లోకి, అంటే రంగు కొట్టే గదిలోకి, పంపే గాలిది. రంగు సమంగా పడాలంటే ఆ గాలి 22 - 25 డిగ్రీల దగ్గర, 60 - 70 శాతం తేమతో ఉండాలి. పైగా అది పైనుంచి కిందికి ఆగకుండా ప్రవహిస్తూనే ఉండాలి. మన వైపు వాళ్లంతా "మే నెలలో కరెంటు బిల్లు పేలిపోతుంది కదా" అంటారు. నిజానికి మే నెల ఎండ కష్టమైనా లొంగుతుంది. అప్పుడు గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీటి తుంపరతోనే చాలావరకు చల్లబడుతుంది, మన ఎయిర్ కూలర్ లాగే. ఏసీ ప్లాంటుకు అసలు టెన్షన్ జులై, ఆగస్టుల్లో. వానాకాలం గాలిలో తేమను తీయాలంటే ముందు అవసరానికి మించి చల్లార్చాలి, తర్వాత మళ్లీ వేడి చేయాలి. ఒకే గాలికి రెండు బిల్లులు కట్టినట్టు. రంగు ఒప్పుకునే హద్దు లోపలే ఉష్ణోగ్రత, తేమ సెట్టింగులను కాలాన్ని బట్టి జరుపుకుంటే ఈ రెండో బిల్లు చాలావరకు తగ్గుతుంది. దానికి కొత్త యంత్రం అక్కర్లేదు, రంగు సప్లయర్‌తో కూర్చుని ట్రయల్స్ వేసే ఓపిక ఉండాలి. రోబోలు మాత్రమే పనిచేసే బూత్‌లలో అయితే గాలిలో ఎక్కువ భాగాన్ని వడగట్టి మళ్లీ వాడుకోవచ్చు. మనుషులున్న బూత్‌లో ఆ పని చేయకూడదు, వాళ్లకు తాజా గాలి కావాలి.

అపోహ: జీరో లిక్విడ్ డిశ్చార్జ్ పెట్టాక నీళ్ల సమస్య తీరినట్టే.

చెరువుల నేల మీద పుట్టినవాణ్ని కాబట్టి ఇది నాకు పట్టింపు ఉన్న విషయం. ఫ్యాక్టరీ గేటు దాటి చుక్క మురుగు కూడా బయటికి పోకూడదన్నది మంచి నియమమే. అయితే అదెలా జరుగుతుందో చూడండి. మురుగును శుద్ధి చేసి ఆర్వోలో వడగడతారు. మిగిలిన ఉప్పు నీళ్లను ఆవిరి యంత్రాల్లో మరగబెడతారు. ఒక లీటరు నీళ్లు ఆవిరి కావాలంటే, మరిగే దాకా వేడెక్కించడం కాక ఇంకో 540 కిలో కేలరీలు కావాలి. ఆవిరి వేడిని ఒక గది నుంచి ఇంకో గదికి వాడుకుంటూ ఈ ఖర్చు తగ్గిస్తారు. అయినా బాయిలర్ మండాల్సిందే. చివరికి మిగిలేది ఉప్పు. అది వానకు కరుగుతుంది కాబట్టి బయట పోయడానికి లేదు. మన రాష్ట్రంలో దుండిగల్‌లో ఉన్నలాంటి, అడుగున ప్లాస్టిక్ పొరలు పరిచిన ప్రత్యేక స్థలానికే వెళ్లాలి. అంటే సమస్య తీరలేదు, నీళ్ల నుంచి బొగ్గుకూ ఉప్పుకూ మారింది. మురుగు తక్కువ పుడితేనే ఈ రెండూ తగ్గుతాయి.

ఒక ప్లాంటులో మేం చేసిన పని చెప్తాను. రంగుకు ముందు కారు బాడీని వరసగా తొట్టెల్లో ముంచి తీస్తారు. జిడ్డు వదిలించే మందు, కడుగు నీళ్లు, రంగు కింద పూతగా పట్టే ఫాస్ఫేట్, మళ్లీ కడుగు నీళ్లు. ఒక రోజు నేనూ ఆపరేటర్ తమ్ముడూ టార్చిలైటు, స్టాప్‌వాచ్ పట్టుకుని లైను పక్కన నిలబడ్డాం. బాడీ తొట్టెలోంచి లేచింది. తలుపుల కింద డబ్బాలాంటి భాగం ఉంటుంది, సిల్ అంటాం. దాని రంధ్రాల నుంచి మందు నీళ్లు సన్నటి ధారలా కారుతున్నాయి. ధార తెగకముందే కన్వేయర్ బాడీని పక్క తొట్టె మీదికి తీసుకుపోయింది. మిగిలిందంతా కడుగు నీళ్లలో పడింది. మేం చేసిందల్లా ఇంతే: బాడీని కొంచెం వెనక్కి వంచి, తొట్టె మీదే ఇంకొన్ని సెకన్లు ఆపించాం. ఆ వారమే ఈటీపీ నుంచి ఫోన్ వచ్చింది. "సార్, మురుగు శుద్ధికి వేసే మందు డోసు తగ్గించాల్సి వస్తోంది, మీటరేమైనా పాడైందా?" అని అడిగారు. మీటరు బాగానే ఉంది.

కడిగే పద్ధతిలోనూ లెక్క ఉంది. బాడీకి అంటుకొచ్చిన ఒక లీటరు మందును వెయ్యో వంతుకు పలచన చేయాలనుకోండి. ఒకే తొట్టెలో కడిగితే 1000 లీటర్ల నీళ్లు కావాలి. రెండు తొట్టెలు పెట్టి, చివరి తొట్టె నీళ్లే ముందు తొట్టెలోకి పొర్లేట్టు చేస్తే సుమారు 32 లీటర్లు చాలు. మూడు తొట్టెలైతే 10 లీటర్లు. మన ఇళ్లలో బట్టలు జాడించేటప్పుడు మూడో బకెట్ నీళ్లను పారబోయకుండా తర్వాతి వాయికి మొదటి బకెట్‌గా వాడుతుంటారు కదా, అదే సూత్రం. ఫాస్ఫేట్ బదులు జిర్కోనియం పూత వాడితే తొట్టెను 50 డిగ్రీల దాకా వేడిచేసే పని ఉండదు, నికెల్ కలిసిన బురద బెడదా చాలావరకు పోతుంది.

అపోహ: షెడ్ల మీద సోలార్ పరిచేస్తే గ్రీన్ ఫ్యాక్టరీ.

సోలార్ కావాలి, నేను పూర్తిగా దాని పక్షమే. రామగుండం రిజర్వాయర్ మీద ఎన్టీపీసీ 100 మెగావాట్ల తేలియాడే సోలార్ ప్లాంటు 2022 నుంచి పనిచేస్తోంది. అయితే మూడు షిఫ్టుల ప్లాంటుకు రాత్రి కరెంటు గ్రిడ్ నుంచే రావాలి. గ్రిడ్‌లో బొగ్గుదే పెద్ద వాటా. యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ విడుదలవుతుంది.

అందుకే ముందు చిల్లులు పూడ్చాలి. కంప్రెస్డ్ ఎయిర్ పైపులో 7 బార్ ఒత్తిడి దగ్గర 3 మిల్లీమీటర్ల రంధ్రం ఉంటే, దానికోసం కంప్రెసర్ మూడు నాలుగు కిలోవాట్లు ఎక్కువ తింటుంది. రోజంతా కారితే 80 యూనిట్లకు పైనే. మన ఎండకు ఒక కిలోవాట్ సోలార్ రోజుకు నాలుగు యూనిట్ల దాకా ఇస్తుంది. అంటే ఒక్క రంధ్రం 20 కిలోవాట్ల ప్యానెళ్లను మింగేస్తోంది. నిర్వహణ సరిగా లేని ప్లాంట్లలో తయారైన గాలిలో 20 - 30 శాతం ఇలాగే పోతుంది. పట్టుకోవడం కష్టమేమీ కాదు. ఆదివారం లైన్లు ఆగాక, కంప్రెసర్ ఒక్కటి ఆన్ చేసి షాపులో నడవండి. మామూలు రోజుల్లో మోతలో కలిసిపోయే "స్స్..." శబ్దం అడుగడుగునా వినిపిస్తుంది. సబ్బు నీళ్లు పూసి, బుడగ వచ్చినచోట ట్యాగ్ కట్టాలి. నేను ఇప్పటికీ నెలకో ఆదివారం ఈ పని చేస్తాను.

అపోహ: ఎలక్ట్రిక్ వాహనాల ప్లాంటుకు ఈ బాధలేవీ ఉండవు.

ఇంజన్ తయారీ ఉండదు కాబట్టి కటింగ్ ఆయిల్, కూలెంట్ మురుగు తగ్గుతాయి. కానీ బాడీ అదే, తొట్టెలు అవే, రంగు అదే. బ్యాటరీ సెల్స్ కూడా అక్కడే చేస్తే, తేమ దాదాపు లేని డ్రై రూములు నడపాలి, వాటికి కరెంటు బాగా కాలుతుంది.

చెట్ల గురించి కూడా అడుగుతారు. నాటండి, దుమ్మును ఆపుతాయి, నీడనిస్తాయి. కానీ థిన్నర్ ఆవిరికి చెట్టు విరుగుడు కాదు.

ఇక ప్లాంటు గోడలకు అవతల ఒక పెద్ద సంగతి ఉంది. ఒక టన్ను కొత్త స్టీలు తయారవ్వాలంటే రెండు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ప్రెస్ షాపులో డోర్లు, బానెట్లు కోశాక రేకులో మూడో వంతు దాకా ముక్కలుగా మిగలొచ్చు. మంచి టైలర్ చాక్‌పీసుతో గీసుకుని, ఒకే బట్టలో కాలరు, చేతులు, జేబు సర్దినట్టు, డై (రేకును కోసే అచ్చు) డిజైనర్ రేకు మీద భాగాలను సర్దాలి. స్క్రాప్ కరిగించి మళ్లీ వాడతారు, నిజమే. కానీ కరిగించడానికి మళ్లీ కరెంటు కావాలి. అసలు మిగలకపోవడం దానికన్నా మేలు.

అపోహ: ఇవన్నీ పెద్ద కంపెనీల ముచ్చట, చిన్న షెడ్డుకు కుదరవు.

దీనికి జవాబు వరంగల్ ఆటోనగర్ వైపు దొరికింది. ట్రాక్టర్ ట్రాలీలు చేసే ఒక షెడ్డుకు వెళ్లాను. పెయింటర్ అన్న ట్రాలీకి రెండడుగుల దూరంలో నిలబడి, ప్రెషర్ ఫుల్లుగా పెట్టి నీలం రంగు కొడుతున్నాడు. పక్కనున్న వేపచెట్టుకు షెడ్డు వైపు ఆకులన్నీ నీలంగా ఉన్నాయి. మామూలు గన్‌తో అలా కొడితే రంగులో 30 - 40 శాతమే ఇనుము మీద పడుతుంది, మిగతాది ఆ చెట్టుకూ, ఆయన ఊపిరికీ. గన్ కడిగిన థిన్నర్‌ను షెడ్డు వెనక మట్టిలో పారబోస్తున్నారు. అక్కడికి ఇరవై అడుగుల దూరంలో బోరు ఉంది.

తక్కువ ప్రెషర్ గన్ తెప్పించాం. దాని ముక్కు దగ్గర ఒత్తిడి 0.7 బార్ మించదు, మూడింట రెండు వంతుల రంగు పని మీదే పడుతుంది. జానెడు దూరంలో పట్టుకోవాలి. అంచు దాటగానే ట్రిగ్గర్ వదలాలి. ఒక వరస మీద రెండో వరస సగం ఎక్కాలి. కడిగిన థిన్నర్‌ను మూత ఉన్న డబ్బాలో రెండు రోజులు కదపకుండా ఉంచితే రంగు అడుగున పేరుకుంటుంది. పైన తేరిన దానితో తర్వాతిసారి మొదటి కడుగు కానివ్వొచ్చు. అడుగు మడ్డిని ప్రమాదకర వ్యర్థాలకు అనుమతి ఉన్నవాళ్లకే ఇవ్వాలి. మన దేవాపూర్, బసంత్‌నగర్‌లలో కనబడేలాంటి సిమెంట్ బట్టీలు 1400 డిగ్రీలు దాటి మండుతాయి. పెయింట్ మడ్డిని సురక్షితంగా కాల్చడానికి ఆ రకం బట్టీలే పనికొస్తాయి.

పోయిన నెల ఆ అన్న ఫోన్ చేశాడు. ట్రాలీకి నాలుగు లీటర్లు పట్టే రంగు ఇప్పుడు మూడు లీటర్ల లోపే సరిపోతోందట. తర్వాత, "సార్, మూతికి దస్తీ కట్టుకుంటున్న. అది సాలదా?" అని అడిగాడు. చాలదు. గుడ్డ రంగు తుంపరను కొంత ఆపుతుంది గానీ థిన్నర్ ఆవిరిని ఆపదు. యాక్టివేటెడ్ కార్బన్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి. గట్టిపడటానికి హార్డెనర్ కలిపే రంగులైతే అదీ సరిపోదు, బయటి నుంచి మంచి గాలి అందించే మాస్కు ఉండాలి. ఆయన కొట్టేది మామూలు ఎనామెలే. కార్ట్రిడ్జ్ మాస్కులు రెండు కొరియర్ చేశాను, ఒకటి ఆయనకు, ఒకటి హెల్పర్‌కు.