ఉప్పుగాలిలో గిటార్‌కి రంగు

ఇంట్లో కట్టుకున్న ఎలక్ట్రిక్ గిటార్ చెక్క మీద కొట్టిన రంగు ఏళ్ల తరబడి నిలుస్తుంది. అదే డబ్బాతో అదే రోజు పికప్ (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) ప్లాస్టిక్ కవర్ మీద కొట్టిన రంగు నెల తిరక్కుండానే గోరు తగిలితే పొరలా లేచొస్తుంది. రంగులో లోపమేమీ లేదు. చెక్కకు రంధ్రాలుంటాయి కాబట్టి రంగు లోపలికి ఇంకి వేళ్లూనుకుంటుంది. ప్లాస్టిక్‌లోకి ఇంకే దారి లేదు. అక్కడ రంగుకి ఆధారం రెండే. వాటర్ పేపర్ గీసిన సన్నని గాట్లలో చిక్కుకోవడం ఒకటి. రంగులోని సాల్వెంట్, అంటే రంగును పలచన చేసి ఉంచే ద్రవం, ప్లాస్టిక్ పైపొరను రవ్వంత మెత్తబరచగా, రంగు అణుగొలుసులూ ప్లాస్టిక్ అణుగొలుసులూ ఒకదానితో ఒకటి పెనవేసుకోవడం రెండోది. అసలు బలం ఈ రెండోదానిదే.

అందుకే రంగు ఎంచుకునే ముందు చేతిలో ఉన్నది ఏ ప్లాస్టికో తెలుసుకోవాలి. ఇప్పుడొచ్చే పికప్ కవర్లు, నాబ్‌లు, స్విచ్ టోపీలు ఎక్కువగా ఏబీఎస్. పిక్‌గార్డులు (తీగల కింద, ఒంటికి గీతలు పడకుండా బిగించే పలకలు) ఎక్కువగా గట్టి పీవీసీ, కొన్ని అక్రిలిక్. ఏబీఎస్‌ని సాల్వెంట్ కావలసినంత కొరుకుతుంది, అందుకే అది రంగుకి బాగా లొంగుతుంది. పాలీస్టైరీన్‌ని మాత్రం అతిగా కొరుకుతుంది. తడిగా ఒక్క కోటింగ్ పడితే చాలు, అంచులు కరిగి ముడతలు పడతాయి. 1954లో వచ్చిన తొలి ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్ల కవర్లు, నాబ్‌లు పాలీస్టైరీన్‌వే. వాటిని బేకలైట్ (పాతకాలపు గట్టి ప్లాస్టిక్) అని పిలవడం అలవాటైపోయింది గానీ అవి బేకలైట్ కావు. పాలీప్రొపిలీన్ సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. మామూలు సాల్వెంట్లు దాన్ని అసలు తాకవు. దాని ఉపరితల శక్తి కూడా తక్కువ కావడంతో తామరాకు మీద నీటిబొట్టులా రంగు పరుచుకోకుండా ముడుచుకుంటుంది.

తేల్చుకోవడానికి వంటగది చాలు. ముందు ముక్కను మంచినీళ్లలో వేయండి. తేలితే అది పాలీప్రొపిలీనో పాలిథీనో. మునిగితే పావు లీటరు నీటిలో 40 గ్రాముల ఉప్పు పూర్తిగా కరిగించి అందులో వేయండి. ఆ నీటి సాంద్రత సుమారు 1.1 ఉంటుంది. ఏబీఎస్, పాలీస్టైరీన్ 1.05 దగ్గర ఉంటాయి కాబట్టి తేలతాయి. అక్రిలిక్ 1.18, గట్టి పీవీసీ దాదాపు 1.4, అవి మునుగుతాయి. బీచ్ నుంచి సీసాలో తెచ్చిన సముద్రపు నీరు ఈ పనికి చాలదు, దాని సాంద్రత 1.02 దాటి కొంచెమే. ముక్కకి అంటుకున్న గాలిబుడగలను వేలితో తుడిచెయ్యాలి, అవి ఉంటే మునగాల్సిందీ తేలుతుంది. ఏబీఎస్‌నీ పాలీస్టైరీన్‌నీ చప్పుడు బట్టి చెప్పవచ్చు. నేల మీద పడితే పాలీస్టైరీన్ రేకులా ఖంగుమంటుంది, ఏబీఎస్ మొద్దుగా మోగుతుంది. అయినా సందేహం తీరకపోతే లోపలివైపు, కనిపించని చోట, ఆ రంగునే చిటికెడు కొట్టి పది నిమిషాలు చూడటం అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష.

ముక్క పాలీప్రొపిలీన్ అని తేలితే విశాఖపట్నంలోని గాజువాక ఆటోనగర్‌లో అడగండి. కారు బంపర్లలో చాలావరకు ఆ జాతి ప్లాస్టిక్కే కాబట్టి రంగు షెడ్ల వాళ్లు ప్లాస్టిక్ ప్రైమర్, అంటే రంగు పట్టడానికి ముందు వేసే పూత, దగ్గర ఉంచుకుంటారు. ఆ ప్రైమర్‌లోని క్లోరిన్ కలిపిన రెజిన్ (జిగురు పదార్థం) ఒకవైపు ప్లాస్టిక్‌నీ మరోవైపు రంగునీ పట్టుకుంటుంది. దాన్ని మందంగా వేస్తే తిరిగి ఊడుతుంది, ఒక పలచటి కోటింగ్ చాలు.

శుభ్రం చేసే పనికి తొందర పనికిరాదు. అచ్చులోంచి సులువుగా రావడానికి రాసే సిలికాన్ జాడ కొత్త ముక్కల మీద మిగిలి ఉంటుంది. దాని మీద పడిన రంగు చుక్కచుక్కగా తప్పుకుని చేపకన్నులాంటి గుంటలు ఇస్తుంది. గీకక ముందే గిన్నెల సబ్బుతో, గోరువెచ్చటి నీటితో కడగాలి. కడగకుండా గీకితే సిలికాన్ గాట్లలోకి దిగిపోతుంది. తర్వాత నీళ్లతో 600 నంబరు వాటర్ పేపర్, మెరుపంతా పోయి ఒకే తీరు మసక వచ్చేదాకా. మళ్లీ కడిగి, ఆరబెట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన నూలుగుడ్డతో ఒకేవైపుకి తుడవాలి. అక్రిలిక్ అయితే ఆల్కహాల్ వద్దు, ఒత్తిడి ఉన్నచోట సన్నని పగుళ్లు వస్తాయి, సబ్బునీళ్లే మేలు. పొడిగుడ్డతో రుద్దితే ప్లాస్టిక్‌లో స్థిరవిద్యుత్తు పుట్టి గదిలోని దుమ్మంతా దాని మీదికే చేరుతుంది.

ఇక విశాఖపట్నం గాలి. ఈ ఊళ్లో ఎక్కువ పనులు పాడయ్యేది ఇక్కడే. లాకర్ రంగు ఆరేటప్పుడు సాల్వెంట్ ఆవిరవుతూ ముక్క పైభాగాన్ని చల్లబరుస్తుంది, స్పిరిట్ రాసిన చెయ్యి చల్లబడినట్టే. గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్నరోజు తుషార స్థానం, అంటే గాలిలోని ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత, సుమారు 26 డిగ్రీలు. ముక్క నాలుగు డిగ్రీలు చల్లబడితే చాలు, తడి రంగు మీద నీరు చేరి తెల్లటి పొగమంచులా మసక పడుతుంది. అదే 27 డిగ్రీలు, 55 శాతం తేమ ఉంటే తుషార స్థానం 17 దగ్గర, పది డిగ్రీల వెసులుబాటు. తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి కొనుక్కోండి. 65 శాతం దాటితే ఆ రోజు గీకే పని పెట్టుకుని రంగుని వాయిదా వేయడం ఉత్తమం.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, మంచు విడిచాక, సముద్రపు గాలి పుంజుకోకముందు ఉన్న రెండు మూడు గంటలు ఈ పనికి మంచివి. బీచ్ రోడ్ వైపు మేడల మీద గాలితో ఉప్పు కూడా వస్తుంది. రెండు కోటింగుల మధ్య ముక్కను బయట వదిలేస్తే ఆ ఉప్పు పొరల మధ్య ఇరుక్కుని, తర్వాత తేమను లాగి బొబ్బలెత్తిస్తుంది. మూత ఉన్న అట్టపెట్టెలో ఆరనివ్వండి. దుమ్ము లేవకుండా నేల మీద నీళ్లు చల్లే అలవాటు మంచిదే గానీ, అది ముందురోజు సాయంత్రం చెయ్యాలి. అప్పటికప్పుడు చల్లితే తేమను మన చేతులతో మనమే పెంచినట్టు. ఏసీ గదిలో పెట్టిన ముక్కను తిన్నగా మేడ మీదికి తేవడమూ అలాంటిదే. 24 డిగ్రీల ముక్క 26 డిగ్రీల తుషార స్థానం ఉన్న గాలిలోకి రాగానే, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాలా కంటికి కనిపించని తడి పడుతుంది. అరగంట నీడలో ఉంచి మొదలుపెట్టాలి.

ఆ మసక వచ్చేస్తే దాని మీద ఇంకో కోటింగ్ కొట్టి కప్పెయ్యాలని చూడకండి, నీరు లోపలే ఉండిపోతుంది. పొడిరోజు కోసం ఆగి, నెమ్మదిగా ఆరే రిటార్డర్ థిన్నర్‌ని మంచుతుంపరలా పైపైన చల్లితే పొర తిరిగి మెత్తబడి నీటిని వదిలేస్తుంది.

స్ప్రే డబ్బాను లోపలి గోళీ మోగడం మొదలయ్యాక రెండు నిమిషాలు ఊపాలి. దూరం 20 నుంచి 25 సెంటీమీటర్లు. ముక్కకి బయట నొక్కడం మొదలుపెట్టి, దాటాక వదలాలి. ప్రతి వరుసా ముందు వరుసను సగం కప్పాలి. ప్రైమర్ రెండు పలచటి కోటింగులు, రంగు మూడు నాలుగు, క్లియర్ (పైన వేసే పారదర్శక పూత) మూడు, నడుమ పది పదిహేను నిమిషాలు. మొదటి రంగు కోటింగులో కింది ప్రైమర్ కనిపిస్తూ ఉండాలి, ఒకేసారి కప్పాలనుకుంటే కారుతుంది. మే నెల ఎండలో దూరం నుంచి కొడితే చుక్కలు గాలిలోనే ఆరిపోయి గరుకుగా పడతాయి. కొడుతూ ఉంటే డబ్బా చల్లబడి ఒత్తిడి తగ్గి ఉమ్మినట్టు పడుతుంది, అప్పుడు గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచండి. 50 డిగ్రీలు మాత్రం దాటకూడదు. ఎండలో నిలిపిన కారులో డబ్బా వదిలెయ్యడం ప్రమాదం.

డబ్బా లోపలి గ్యాస్ మండేది. దగ్గర్లో పొయ్యి, దీపం, అగరొత్తి ఏదీ ఉండకూడదు. గుడ్డ మాస్కు సాల్వెంట్ ఆవిరిని ఆపదు, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్నది కావాలి. హార్డెనర్ కలిపే టూ కే (రెండు భాగాల) క్లియర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది. అది ఊపిరితిత్తులకు జీవితాంతం ఉండే అలర్జీని తెచ్చిపెట్టగలదు. పైగా గాలిలోని తేమతో కలిసి కార్బన్ డయాక్సైడ్ బుడగలు పుట్టిస్తుంది. మేడ మీద ఇంట్లో చేసుకునేవారికి అది వద్దనే చెబుతాం.

గిటార్ ముక్కలకు కొలతల చిక్కు ఒకటుంది. ప్రైమర్, రంగు, క్లియర్ కలిసి సుమారు 0.1 మిల్లీమీటరు మందం. రంధ్రానికి అన్నివైపులా అంతే చేరితే వ్యాసం 0.2 తగ్గుతుంది. పికప్ అయస్కాంతాలు 4.8 మిల్లీమీటర్లు, కవర్ రంధ్రాల్లో ఉండే ఖాళీ అంతంతమాత్రం. కాబట్టి రంగుకి ముందే సన్నని గుండ్రటి ఆకురాయితో రంధ్రాలను కాస్త వదులు చెయ్యాలి. మరిచిపోతే తర్వాత ముఖం వైపు నుంచి లోపలికే ఆకురాయి నడపాలి, వెనక్కి లాగితే రంగు పెచ్చు లేస్తుంది. పికప్‌కి తొడిగి ఉన్న కవర్‌కి ఎన్నడూ కొట్టకండి. లోపలి తీగ వెంట్రుకంత సన్నం, దాని మీది పూతకి సాల్వెంట్ పడదు. నాబ్ లోపలి పళ్లను టేపు చుట్టిన పుల్లతో మూసెయ్యండి, అదే పట్టుకునే పిడి కూడా అవుతుంది.

మెటాలిక్ రంగు ధ్వనిని మారుస్తుందన్న భయం అక్కర్లేదు. అల్యూమినియం రేణువులను రెజిన్ ఒకదాని నుంచి ఒకటి వేరు చేసే ఉంచుతుంది. భయపడాల్సింది పిక్‌గార్డు వెనక అతికించిన రేకు గురించి. వాల్యూమ్ పాట్ (నాబ్ కింద ఉండే, శబ్దం తగ్గించి పెంచే భాగం) ఒంటికి ఆ రేకు తగిలితేనే ఎర్త్ పూర్తవుతుంది. దాని మీద రంగు తుంపర పడితే తగలాల్సిన చోట తగలక, ఆంప్ పెట్టగానే కరెంటు గుంయ్‌మనే మోత మొదలవుతుంది. కొట్టే ముందు రేకును మొత్తం టేపుతో కప్పండి.

బిగించడానికి కనీసం వారం ఆగండి. పైన గట్టిపడినా అడుగున సాల్వెంట్ ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన వస్తోందంటే ఇంకా ఆరలేదన్నమాట. ఆ దశలో పాట్ నట్టు బిగిస్తే వాషర్ రంగును పట్టుకుని తిప్పేస్తుంది. స్క్రూ మొనకి కాస్త కొవ్వొత్తి మైనం రాసి, డ్రిల్ మెషీన్ పక్కన పెట్టి, చేత్తో తిప్పుతూ, తల రంగుని తాకగానే పావు చుట్టుతో ఆపాలి.