కాండం లేని మొక్కల సంగతి

రుషికొండ దాటి భీమిలి రోడ్డు మీద వెళ్తుంటే అక్కడక్కడా సరుగుడు చెట్లు కనిపిస్తాయి. వాటికి వేలాడే సన్నటి ఆకుపచ్చ పుల్లల్ని అందరూ ఆకులనే అంటారు. ఒకటి తెంపి, రెండు కొసలూ పట్టుకుని మెల్లగా లాగి చూడండి. ఒక అతుకు దగ్గర ఊడి వచ్చేస్తుంది. ఆ అతుకు చుట్టూ కంటికి ఆనీ ఆననట్టు 6 నుంచి 8 దాకా చిన్న పళ్ళు ఉంటాయి. సరుగుడు ఆకులంటే అవే. మిగతా పుల్లంతా కొమ్మే, అంటే కాండమే. ఎండలో ఆహారం తయారు చేసే పని కూడా దానిదే. ఉప్పుగాలికి నీరు ఆరిపోకుండా పత్రరంధ్రాల్ని, అంటే గాలీ నీటి ఆవిరీ వచ్చిపోయే సూక్ష్మమైన రంధ్రాల్ని, తన మీది సన్నటి గాడుల్లో దాచుకుంటుంది.

కాండం అనగానే మనకు నిటారుగా నిలబడ్డ మాను గుర్తొస్తుంది. బడిలో గీయించే మొక్క బొమ్మ చేసిన పని ఇది. వృక్షశాస్త్రానికి ఎత్తుతో పని లేదు. కణుపులు ఉండాలి, కణుపు దగ్గర ఆకో దాని ఆనవాలో ఉండాలి, అక్కడే ఒక మొగ్గ ఉండాలి. సీతమ్మధార రైతుబజారులో బుట్ట నింపుకునేటప్పుడు ఈ లెక్కన చూస్తే సరదాగా ఉంటుంది. బంగాళాదుంప మీది కళ్ళు మొగ్గలు, కాబట్టి అది కాండం. పక్కనే ఉన్న చిలగడదుంపకు కణుపులు లేవు, అది వేరు. అల్లం, పసుపు, కంద, చేమ అన్నీ కాండాలే. ఉల్లిపాయలో మనం తినే పొరలు ఆకుల అడుగు భాగాలు. దాని కాండం మాత్రం వేళ్ళతో పాటు కోసి పారేసే ఆ చిన్న బిళ్ళ.

అరటిది ఇంకా చిత్రం. మానులా కనిపించేదంతా ఒకదానిలో ఒకటి చుట్టుకున్న ఆకుల తొడుగులు. అసలు కాండం నేలలో దుంపగా ఉంటుంది. గెల వేసే సమయం వచ్చాకే అది ఆ తొడుగుల నడుమ నుంచి పైకి ఎక్కుతుంది. గెల కొట్టాక పెరుగు పచ్చడి చేసుకునే దూట అదే. అప్పటిదాకా అరటికి బయటికి కనిపించే కాండమే లేదు.

ఎందుకిలా? ఎత్తు ఊరికే రాదు. కాండం కట్టాలంటే చక్కెరలు ఖర్చు, నీళ్ళు పైకి తోడాలి, గాలికి పడకుండా నిలబడాలి. పక్క మొక్క నీడ వేస్తుంటే ఆ ఖర్చు పెట్టక తప్పదు. బయలు నేలలో పోటీ లేకపోతే దండగ. పైగా పశువులు మేసే చోట, నిప్పు అంటుకునే చోట మొగ్గను నేలకు దగ్గరగా పెట్టుకున్నదే బతుకుతుంది. ముల్లంగి, క్యాబేజీ చేసేది ఇదే. కణుపులన్నీ ఉంటాయి, కణుపుల మధ్య దూరమే పెరగదు. పూత సమయం వస్తే అదే ముల్లంగి నడుమ నుంచి బారెడు కాడ లేస్తుంది.

ఆ దూరాన్ని పెంచే హార్మోన్ జిబ్బరెల్లిన్. వరి మొక్కలు వింతగా సాగిపోయి పడిపోయే ఒక తెగులును పరిశీలిస్తూ, ఒక శిలీంధ్రం విడిచే పదార్థమే దానికి కారణమని జపాన్ శాస్త్రవేత్త ఎయీచీ కురోసావా 1926లో చూపించాడు. తర్వాత ఆ పదార్థాన్నే క్యాబేజీకి ఇచ్చి చూస్తే మనిషిని మించి పెరిగింది. 1966లో వచ్చిన ఐఆర్-8 వరి పొట్టిగా ఉండడానికి కారణం ఈ హార్మోన్ తగ్గడమే.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖలో ఎన్ని చెట్లు కూలాయో చూసినవాళ్ళకు తెలుసు. కొబ్బరి, తాడి కూడా పడకపోలేదు గానీ, వాటి కాండం తీరు వేరు. వేప, మర్రి లాంటి వాటిలో బెరడు కింద ఒక పొర ఏటేటా కొత్త కలపను చేర్చి మానును లావు చేస్తుంది. కొబ్బరికి, తాడికి ఆ పొర లేదు. నీటి నాళాలు కాండమంతా చెదిరి ఉంటాయి, అంచున గట్టిగా ఒత్తుగా, లోపల మెత్తగా. అందుకే అవి గాలికి బాగా వంగగలవు. కొమ్మల్లేవు కాబట్టి గాలి పట్టూ తక్కువే. ఎక్కడానికి కొట్టిన గాట్లు ఎన్నేళ్ళయినా పూడకపోవడానికీ కారణం ఆ పొర లేకపోవడమే. తర్వాత లావెక్కే వీలు పెద్దగా లేదు కాబట్టి తాడి ముందే ఆ పని ముగించుకుంటుంది. కొన్నేళ్ళపాటు నేల మీద ఆకులు తప్ప మాను కనిపించదు. లోపల కావలసినంత వెడల్పు సిద్ధమయ్యాకే పైకి కదులుతుంది.

నిజంగా కాండం లేనివి కొన్నే. వానాకాలంలో అనంతగిరి రాళ్ళ మీద పచ్చగా పరుచుకునే నాచులో కాండంలా కనిపించేది ఉంటుంది గానీ, పెద్ద మొక్కల్లో ఉండే నీటి నాళాలు దానిలో లేవు. ఒంటితోనే నీళ్ళు పీల్చుకుంటుంది, అందుకే నేలను వదిలి లేవలేదు. నిలవ నీటిలో తేలే ఉల్ఫియా మరీ పొదుపరి. ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. వేరు లేదు, విడిగా కాండమూ ఆకూ లేవు, అయినా పూస్తుంది. పూసే మొక్కల్లో దీని కంటే చిన్నది లేదు.

ఇక పెరట్లో తుంగ పీకి అలసిపోయేవాళ్ళకు ఒక మాట. చేతికి వచ్చేది ఆకులే. దాని కాండాలు కింద సన్నటి తీగలుగా పాకి, గొలుసుకట్టుగా గడ్డలు వేస్తాయి. ప్రతి గడ్డ మీదా మొగ్గలుంటాయి. తవ్వి గడ్డలు ఏరాల్సిందే.