ముందు ఆగడం

పిల్లలూ,

వచ్చే ఆదివారం అందరం కలిసి అడవి బాటలో సైకిళ్ళు తొక్కుదామని మాటిచ్చాను కదా. అప్పట్నుంచి మీరు అడిగేవి రెండే: ఎంత దూరం, ఎంత స్పీడు. బ్రేకు సంగతి ఒక్కరూ ఎత్తలేదు. అందుకే ఈ ఉత్తరం.

అసలు మౌంటెన్ బైకింగ్ అనే ఈ ఆట మొదలైన కొత్తలో అందరికీ పెద్ద తలనొప్పి బ్రేకే. 1970ల్లో కాలిఫోర్నియాలో మౌంట్ తమల్‌పైస్ అనే కొండ చుట్టుపక్కల కొందరు కుర్రాళ్ళు లావు టైర్ల పాత సైకిళ్ళు పోగేసుకుని మట్టిబాటల్లో దిగేవారు. చాలావాటికి పెడల్ వెనక్కి తొక్కితే వెనక చక్రం హబ్బు, అంటే నడిమి గుండు, లోపల పడే బ్రేకే ఉండేది. సుమారు రెండు మైళ్ళలో 1,300 అడుగులు దిగే బాట ఒకటుంది. అది దిగేసరికి హబ్బు కాగిపోయి లోపలి గ్రీజంతా పొగైపోయేది. మళ్ళీ హబ్బు విప్పి గ్రీజు కూరాల్సిందే. అలా మళ్ళీ కూరడాన్ని ఇంగ్లిషులో రీప్యాక్ అంటారు; ఆ బాటకి అదే పేరు స్థిరపడింది. 1976 అక్టోబరు 21న అక్కడ మొదటి పందెం పెట్టారు. మరుసటి ఏడు జో బ్రీజ్ అనే ఆయన ఈ దిగుళ్ళ కోసమే కొత్త ఫ్రేము తయారుచేశాడు. మొదటి పందేనికి ఇరవై ఏళ్ళు నిండకుండానే, 1996లో, ఈ ఆట ఒలింపిక్స్‌కి ఎక్కింది.

మీకిప్పుడు చక్రం పక్కనున్న రేకుని పట్టి ఆపే డిస్క్ బ్రేకులున్నాయి, గ్రీజు కాలే బాధ లేదు. కానీ ముందు బ్రేకు పట్టుకుంటే బోర్లా పడతామని మీకెవరో నూరిపోశారు. అది సగమే నిజం. బ్రేకు పడగానే బరువంతా ముందుకు తోసుకొస్తుంది. ముందు చక్రం నేలకి అదుముకుంటుంది, వెనకది తేలికపడుతుంది. అంటే ఆపే సత్తువ ఎక్కువ ముందు చక్రానిదే. వెనక బ్రేకు ఒక్కటే బిగించారనుకోండి, ఆ చక్రం తిరగడం మానేసి జారుకుంటూ పోతుంది. బోర్లా పడేది ముందు బ్రేకుని ఒక్కసారిగా నొక్కేసినవాళ్ళు. రెండు పెడళ్ళూ ఒకే ఎత్తులో పెట్టి, సీటు మీంచి లేచి, మోకాళ్ళు కాస్త వంచి, నడుము వెనక్కి జరిపి, చూపుడువేలితో మెల్లగా పిండండి. ఆ ఒక్క వేలూ చాలు, మిగతావి హ్యాండిల్ వదలకూడదు. ఇంకొకరి సైకిలు ఎక్కితే ముందు బ్రేకు ఏ చేతికుందో కదిలే ముందే చూసుకోండి. అన్నిటికీ ఒకే వైపు ఉండదు.

నా మోచేతి మీద మచ్చ ఏమిటని అడుగుతుంటారే, అది మలుపు మధ్యలో తడి వేరు మీద బ్రేకు పట్టిన గుర్తు. బెరడు ఊడి నున్నబడ్డ వేరు తడిస్తే సబ్బుబిళ్ళే. స్పీడు మలుపుకి ముందే తగ్గించుకోవాలి. వేరు వచ్చేసరికి బ్రేకు వదిలేసి, సైకిలు నిటారుగా ఉంచి, వేరుకి అడ్డంగా, తిన్నగా దాటేయాలి.

సర్రున జారి దుమ్ము లేపడం మీకు సరదా, తెలుసు. ఒకసారి దిగి ఆ గీత చూడండి. రేపు వాన పడితే నీళ్ళు దాన్నే కాలువ చేసుకుంటాయి, నెల తిరిగేసరికి బాట కోసుకుపోతుంది. బురద మీద టైరు ముద్ర లోతుగా దిగుతోందంటే ఆ రోజుకి ఇంటిదారి పట్టడమే. ఎంత ఏడ్చినా నేను వినను.

టైర్లలో గాలి రాయిలా కొట్టించకండి. రోడ్డు సైకిలు సన్న టైరుకి 80, 90 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) పట్టినా, ఈ లావు టైర్లకి 25 దగ్గర చాలు. కాస్త మెత్తగా ఉంటేనే టైరు రాయి మీద ఒదిగి నేలని పట్టుకుంటుంది. మరీ తగ్గిస్తే మాత్రం ట్యూబు రాయికీ రిమ్ముకీ మధ్య నలిగి, పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి.

నడిచేవాళ్ళు ఎదురైతే మనమే ఆగాలి. సైకిలు మీద ఎత్తు ఎక్కుతున్నవాళ్ళు ఎదురైనా దిగేవాళ్ళే తప్పుకోవాలి. ఎక్కేవాడు ఒకసారి కాలు కింద పెడితే, అంత ఎత్తు మీద మళ్ళీ కదలడం ఎంత కష్టమో మీకే తెలుస్తుంది.

ఒకసారి నేను, మా తమ్ముడు వెళ్ళాం. వాడికి అప్పుడు పదేళ్ళు. బాట రెండుగా చీలిన చోట నేను ఎడమకి తిరిగి హుషారుగా దిగిపోయాను. వాడు వెనకే వస్తున్నాడనుకున్నాను. వాడేమో కుడికి పోయాడు. మళ్ళీ ఆ చీలిక దగ్గరికి ఎక్కి, పేరు పెట్టి అరుస్తూ గంటసేపు తిరిగాను. చివరికి వాడు ఒక బండ మీద, చైను ఊడిన సైకిలు పక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఏడవలేదు. నన్ను చూసి "నువ్వు ఆగుతావనుకున్నా" అన్నాడు, అంతే.

కాబట్టి ఆదివారం చీలిక వచ్చిన ప్రతిచోటా అందరూ ఆగుతారు. అందరికంటే చివర నేనొస్తాను. నేను కనబడి చెయ్యి ఊపేదాకా ఎవరూ పెడల్ మీద కాలు పెట్టకండి.

మీ పెదనాన్న