మానేశాకే మీటింగుకు వెళ్లాలా? తాగుడు, ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) మీటింగులు: అపోహలు - వాస్తవాలు

విజయవాడలో మద్యం వ్యసనంపై కౌన్సెలింగ్ చేస్తున్న నాకు ఏడాది పొడవునా ఒకే మాట వినిపిస్తూ ఉంటుంది: "ముందు మానేసి మనిషినవుతాను, ఆ తరువాత మీటింగుకు వస్తాను మేడమ్." భవానీ మాలలు, అయ్యప్ప మాలలు వేసుకునే రోజులు దగ్గరపడితే ఈ మాట మరీ ఎక్కువవుతుంది. తాగుడు మానాలనుకునేవారు ఒకచోట కూర్చుని తమ బాధలు ఒకరితో ఒకరు చెప్పుకునే ఏఏ మీటింగుల గురించి మన ప్రాంతంలో తిరుగుతున్న అపోహలన్నింటిలోకీ ప్రాణం మీదికి తెస్తున్నది ఇదే కనుక, ముందుగా దీని గురించే వివరంగా రాస్తున్నాను.

అపోహ: పూర్తిగా మానేసిన వాళ్లే మీటింగుకు వెళ్లాలి.

వాస్తవం: మానేయాలన్న కోరిక ఒక్కటి ఉంటే చాలు. ఏఏలో సభ్యత్వానికి ఉన్న ఏకైక అర్హత అదే. 1935లో అమెరికాలోని అక్రాన్ నగరంలో ఒక షేర్ బ్రోకరు, ఒక సర్జన్ కలిసి తమ తాగుడు బాధను ఒకరితో ఒకరు చెప్పుకోవడంతో ఈ సంస్థ మొదలైంది. ఆ పరిచయం జరిగిన తరువాత కూడా సర్జన్ గారు మళ్లీ తాగారు. ఆయన చివరిసారి తాగిన జూన్ 10వ తేదీనే నేటికీ సంస్థ పుట్టినరోజుగా పాటిస్తున్నారు. స్థాపించినవారికే ఒక్క రోజులో సాధ్యం కానిది, గడప తొక్కడానికి ముందే మీకు సాధ్యం కావాలని అక్కడ ఎవరూ అడగరు. తాగి వచ్చిన వాళ్లను కూడా ఆ రోజుకు మాట్లాడకుండా, గొడవ చేయకుండా కూర్చుని వినమంటారు.

ఈ అపోహలోని అసలు ప్రమాదం వేరే ఉంది. మీటింగుకు అర్హత సంపాదించుకోవాలనుకుని, ఏళ్ల తరబడి రోజూ తాగుతున్న మనిషి ఎవరికీ చెప్పకుండా ఇంట్లో ఒక్కసారిగా ఆపేస్తాడు. కొన్ని గంటల్లో చేతులు వణకడం, చెమటలు పట్టడం మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు తరువాత లేనివి కనిపించడం, సొంతవాళ్లనే గుర్తుపట్టకపోవడం వంటి మతిభ్రమ రావచ్చు. వైద్యం అందకపోతే ప్రాణం పోయే స్థితి అది.

ఆటోనగర్‌లో లేత్ పని చేసే ఒకాయన గురించి, ఆయన అనుమతితోనే, చెబుతున్నాను. ఏడాది పాటు మీటింగును వాయిదా వేస్తూ వచ్చి, భవానీ మాల వేసుకున్న రోజునుంచి చుక్క ముట్టలేదు. రెండో రాత్రి ఫిట్స్ వచ్చాయి. దీక్షలో ఏదో దోషం జరిగిందని, అమ్మవారికి కోపం వచ్చిందని ఇంట్లోవాళ్లు వణికిపోయి, దిష్టి తీసి, కుంకుమ పెట్టి, తెల్లవారుజామున గానీ ఆసుపత్రికి తీసుకురాలేదు. వాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసు రాదు, ఎందుకంటే ముందుగా వాళ్లకు చెప్పవలసినవాళ్లం మేమే. మాల వేసుకోవద్దని నేను ఎవరితోనూ అనను. వేసుకోవడానికి కనీసం వారం ముందు డాక్టరును కలిసి, రోజూ ఎంత తాగుతున్నదీ దాచకుండా చెప్పమంటాను.

డిశ్చార్జి అయిన వారానికి ఆయన ఒక ఓపెన్ మీటింగుకు వచ్చి, తలుపు పక్క కుర్చీలో కూర్చున్నారు. టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నా అంచు పళ్లకు తగిలి టకటకమంటోంది. పక్కనున్న పెద్దాయన ఏమీ అనకుండా ఆ గ్లాసు తీసుకుని, సగం టీ తన గ్లాసులో పోసుకుని తిరిగి ఇచ్చారు. సగం గ్లాసైతే ఒలకదని ఆయనకు అనుభవంతో తెలుసు. ఆ రోజు ఎవరూ లేత్ పనివాడి పేరు అడగలేదు.

ఇక మిగతావి. వెళితే ఊరంతా తెలిసిపోతుందంటారు. అక్కడ ఇంటిపేరు, ఉద్యోగం చెప్పనక్కర్లేదు, విన్నది బయట చెప్పకూడదన్నది వాళ్ల కట్టుబాటు. కొన్నిచోట్ల చర్చి గదుల్లో జరుగుతాయి కనుక మతం మారుస్తారన్న పుకారు పూర్తిగా అబద్ధం. ఏఏ ఏ మతానికీ చెందినది కాదు, దేవుడిని ఎవరికి అర్థమైన రీతిలో వారు తలుచుకోవచ్చు. ఫీజు లేదు, సభ్యులు ఇచ్చే చందాలతోనే నడుస్తుంది, అదీ ఇష్టముంటేనే.

అన్నంలో తెలియకుండా కలిపే "మాన్పించే మందు" మాత్రం దయచేసి కొనకండి. డైసల్ఫిరామ్ అనే తాగుడు మాన్పించే మందు కలిసిన భోజనం చేసిన మనిషి ఆ సంగతి తెలియక తాగితే, రక్తపోటు పడిపోయి ప్రాణానికే ముప్పు రావచ్చు. అది డాక్టరు సలహాతో, వాడే మనిషి ఒప్పుకుని వేసుకోవలసిన మందు.

దగ్గరలో మీటింగు ఎక్కడుందో తెలియకపోతే విజయవాడలోగానీ గుంటూరులోగానీ ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో అడగండి. ఏఏ వెబ్‌సైటులోనూ చూడవచ్చు. సమయాలు, గదులు మారుతుంటాయి కనుక బయలుదేరే ముందు ఫోన్ చేసుకోండి. క్లోజ్డ్ మీటింగు తాగుడు సమస్య ఉన్నవారికే. ఓపెన్ మీటింగుకు భార్య, అన్నదమ్ములు కూడా తోడు రావచ్చు. అర్ధరాత్రి గాభరాగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు, మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఫిట్స్ వచ్చినా, మాట తడబడి మతి తప్పినట్టున్నా ఈ నంబర్ల కోసం ఆగకుండా 108కి చేయండి.

ఇంట్లో ఆయన ఇంకా రానంటున్నా, ఆడవాళ్లు ఆగనక్కర్లేదు. తాగేవారి కుటుంబాల కోసం 1951 నుంచీ అల్-అనాన్ అనే విడి బృందాలున్నాయి. లేత్ పనివాడి భార్య, భర్త మీటింగులో అడుగుపెట్టడానికి చాలా ముందే, ఎవరికీ చెప్పకుండా అక్కడికి వెళ్లి వస్తూ ఉండేది.