బీటా అప్‌డేట్ వచ్చేలోపు: స్ట్రాటజీ గేమ్ ఫీడ్‌బ్యాక్ మీద అపోహలు, వాస్తవాలు

భీమవరం హాస్టల్ గదిలో ల్యాప్‌టాప్ మీద ఆడినా, రాజోలు దగ్గర పల్లెలో మొబైల్ డేటాతో ఫోన్లో ఆడినా బీటా టెస్టర్ (పూర్తిగా విడుదల కాని వెర్షన్ ముందే ఆడి తప్పులు చెప్పేవాళ్లు) పని ఒకటే. తన స్క్రీన్ మీద కనిపించిన తప్పు ఎక్కడో ఉన్న డెవలపర్ కంప్యూటర్లో కూడా మళ్లీ కనిపించేలా చేయాలి. అలా కనిపిస్తే సగం పని అయినట్టే. కనిపించకపోతే రిపోర్ట్ ఎంత ఆవేదనతో రాసినా పక్కన పడిపోతుంది. కింద చెప్పుకునేవన్నీ ఈ ఒక్క విషయం చుట్టూ తిరిగేవే.

అపోహ: కొత్త అప్‌డేట్ వచ్చేదాకా మనకు పనేమీ లేదు.

వాస్తవం: అసలు పని ఇప్పుడే ఉంది. అప్‌డేట్ పడ్డ మర్నాడు "గేమ్ స్లో అయిపోయింది" అని రాస్తే, "దేనితో పోలిస్తే?" అని అడుగుతారు. అప్పటికి పాత బిల్డ్ (గేమ్ పాత వెర్షన్) మీ దగ్గర ఉండదు, కొలవడానికి దారి ఉండదు.

కాబట్టి కొలతలు ముందే తీసిపెట్టుకోండి. టర్న్ల వారీగా నడిచే గేమ్ అయితే 50, 100, 200 టర్న్ల దగ్గర ఒక్కో సేవ్ విడిగా దాచండి. గేమ్ పూర్తిగా మూసి, మళ్లీ తెరిచి, ఆ సేవ్ లోడ్ చేయండి. ఎండ్ టర్న్ నొక్కిన క్షణం నుంచి కంట్రోల్ తిరిగి మన చేతికి వచ్చేదాకా ఫోన్ స్టాప్‌వాచ్‌తో కొలవండి. ఇలా మూడుసార్లు చేసి మధ్య అంకె తీసుకోండి. లోడింగ్ టైమ్ కూడా కొలిచేటట్టయితే, కంప్యూటర్ ఆన్ చేశాక మొదటిసారి వచ్చిన అంకెను విడిగా రాయండి. అప్పుడు ఫైళ్లు డిస్క్ నుంచి రావాలి, రెండోసారికి చాలావరకు మెమరీలోనే ఉంటాయి, అందుకే ఆ తేడా. రియల్ టైమ్ గేమ్ అయితే ఒకే మ్యాప్, అంతే సంఖ్యలో ప్రత్యర్థులు, అవే గ్రాఫిక్ సెట్టింగులు పెట్టుకుని 10, 20, 30 నిమిషాల దగ్గర ఫ్రేమ్ రేటు (సెకనుకు ఎన్ని బొమ్మలు మారుతున్నాయో) రాసుకోండి.

తర్వాత సేవ్ ఫోల్డర్ మొత్తం ఇంకో చోటికి కాపీ చేసి, పేరులో బిల్డ్ నంబర్, తేదీ పెట్టండి. విండోస్‌లో ఇది ఎక్కువగా డాక్యుమెంట్స్‌లోని మై గేమ్స్ కింద గానీ, యాప్‌డేటా లోపల గానీ ఉంటుంది. క్లౌడ్‌లో ఉన్నాయి కదా అని ఊరుకోవద్దు. కొత్త బిల్డ్‌లో తెరిచి సేవ్ చేస్తే క్లౌడ్‌లో పాత ఫైల్ స్థానంలో అదే కూర్చోవచ్చు, దాన్ని పాత బిల్డ్ తెరవలేకపోవచ్చు. గేములు కొని ఆడే స్టీమ్ యాప్‌లో బీటాకు మారాలంటే లైబ్రరీలో గేమ్ పేరు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో బీటాస్ అన్న చోట ఎంచుకోవాలి. ఆ క్లిక్‌కు ముందే కాపీ అయిపోవాలి.

అపోహ: అప్‌డేట్ అందరికీ ఒకేసారి వస్తుంది, రాకపోతే మనల్ని వదిలేసినట్టే.

వాస్తవం: ప్లే స్టోర్‌లో డెవలపర్ ముందు కొంత శాతం మందికే వదిలి, తేడా లేదనుకుంటే పెంచుకుంటూ పోవచ్చు. పక్క గదిలో వచ్చి మీకు రాకపోవడం మామూలే. టైమ్ కూడా చూసుకోండి. అమెరికా పసిఫిక్ టైమ్ ఉదయం 10 గంటలంటే మనకు వేసవిలో రాత్రి 10:30, శీతాకాలంలో 11:30. అందుకే ప్రతి రిపోర్ట్‌లో బిల్డ్ నంబర్ ఉండాలి. "లేటెస్ట్ వెర్షన్" అని రాస్తే అది ఏ బిల్డో ఎవరికీ తెలియదు.

అపోహ: "గేమ్ బాలేదు, బగ్గులే బగ్గులు" అంటే చాలు, వాళ్లే చూసుకుంటారు.

వాస్తవం: చేనుకు నీళ్లు రావడం లేదని లస్కరుకు చెప్పినప్పుడు ఏ కాలువ, ఏ తూము, ఎప్పటి నుంచి అన్నది చెప్పకపోతే ఆయన ఎటు వెళ్లాలి? బగ్ రిపోర్ట్ కూడా అంతే. పనికొచ్చే రిపోర్ట్ ఇలా ఉంటుంది:

శీర్షిక: వంతెన మధ్యలో ఉన్న దళానికి స్టాప్ ఇస్తే గేమ్ క్రాష్
బిల్డ్: 0.8.3. విండోస్ 11, 8 జీబీ ర్యామ్. మోడ్లు లేవు.
దశలు: జతచేసిన సేవ్ తెరవాలి. ఉత్తరం వంతెన దగ్గరున్న గుర్రపు దళాన్ని అవతలి ఒడ్డుకు పంపాలి. వంతెన సగం దాటాక స్టాప్ నొక్కాలి.
జరగాల్సింది: దళం అక్కడే ఆగాలి.
జరిగింది: స్క్రీన్ రెండు సెకన్లు బిగుసుకుని గేమ్ మూసుకుపోయింది.
ఎన్నిసార్లు: 5లో 4.
సమయం: రాత్రి 9:40, భారత కాలమానం.
జతచేసినవి: సేవ్, లాగ్, 20 సెకన్ల వీడియో.

ఇందులో అన్నిటికంటే విలువైనది "5లో 4". క్రాష్ కాని ఆ ఒక్కసారి ఏం తేడాగా జరిగిందో గుర్తుంటే అదీ రాయండి, కారణం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. ఓపిక ఉంటే ఇంకో అడుగు వేయండి. గుర్రాలకు బదులు కాల్బలాన్ని పంపి చూడండి, ఇంకో వంతెన మీద చూడండి. కాల్బలానికీ అదే జరిగితే తప్పు గుర్రాలది కాదు. ఒక్క వంతెన దగ్గరే జరిగితే మ్యాప్‌ను అనుమానించాలి. ఈ పది నిమిషాల పనితో డెవలపర్‌కు పూట పని తప్పవచ్చు.

సమయం ఎందుకంటే, లాగ్ ఫైళ్లలో (గేమ్ తాను చేసే పనులు రాసుకునే ఫైళ్లు) గడియారం చాలాసార్లు యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక కాలమానంలో ఉంటుంది, మనం 5:30 గంటలు ముందుంటాం. ఏ కాలమానమో చెప్పకపోతే లాగ్‌లో వేరే చోట వెతుకుతారు.

లాగ్ విషయంలో తొందర అవసరం. యూనిటీ అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌తో చేసిన గేములు విండోస్‌లో యాప్‌డేటాలోని "LocalLow" అనే ఫోల్డర్‌లో, ఆ లోపల కంపెనీ పేరు, గేమ్ పేరు ఉన్న ఫోల్డర్లలో ప్లేయర్ లాగ్ అనే ఫైల్ రాస్తాయి. గేమ్ మళ్లీ తెరవగానే పాతది ప్లేయర్ ప్రెవ్ అన్న పేరుకు మారుతుంది. ఇంకోసారి తెరిస్తే అదీ పోతుంది. అంటే క్రాష్ అయ్యాక "మళ్లీ చూద్దాం" అని రెండుసార్లు తెరిచారంటే సాక్ష్యం చెరిగిపోయినట్టే. ముందు కాపీ, తర్వాతే ఆట. లాగ్‌లో మీ విండోస్ యూజర్ పేరు ఉండొచ్చు, అందరూ చూసే చోట పెట్టేముందు ఒకసారి తెరిచి చూసుకోండి. ఆండ్రాయిడ్ డెవలపర్ ఆప్షన్స్‌లోంచి తీసే బగ్ రిపోర్ట్‌లో ఫోన్‌కు సంబంధించిన సొంత వివరాలు చాలా ఉంటాయి. అది అడిగిన డెవలపర్‌కు తప్ప ఇంకెవరికీ పంపకండి.

అపోహ: వీడియో ఉంటే సేవ్ ఫైల్ అక్కర్లేదు.

వాస్తవం: వీడియో ఏం జరిగిందో చూపిస్తుంది. సేవ్ ఉంటే అది మళ్లీ జరుగుతుంది. రెండూ కావాలి. అయితే తప్పు జరిగిపోయిన తర్వాతి సేవ్ పెద్దగా ఉపయోగపడదు, దానికి ఒకటి రెండు టర్న్ల ముందుది కావాలి. ఆటోసేవ్‌లు చాలా గేముల్లో వరుసగా ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ పోతాయి. బీటా ఆడేటప్పుడు ప్రతి టర్న్‌కూ ఆటోసేవ్ పెట్టి, ఎన్ని దాచాలన్న సెట్టింగ్‌ను ఉన్నంతలో పెద్దది చేయండి. వీడియో కోసం విండోస్ గేమ్ బార్‌లో బ్యాక్‌గ్రౌండ్ రికార్డింగ్ ఆన్ చేసి ఉంచితే, విండోస్, ఆల్ట్, జీ మీటలు కలిపి నొక్కినప్పుడు అప్పటిదాకా జరిగిన చివరి కొన్ని సెకన్లు సేవ్ అవుతాయి. ఆ నిడివి సెట్టింగుల్లో మార్చుకోవచ్చు.

అపోహ: మోడ్ చిన్నదే, దానివల్ల ఏం కాదు.

వాస్తవం: మోడ్ అంటే ఆటగాళ్లు సొంతంగా చేసి గేమ్‌కు కలిపే మార్పు. రంగులు మార్చే మోడ్ అయినా తీసేసి, కొత్త గేమ్ మొదలుపెట్టి చూడండి. మోడ్ తీసేసినా దాని ఆనవాళ్లు పాత సేవ్‌లో మిగలవచ్చు. స్టీమ్‌లో ఇన్‌స్టాల్డ్ ఫైల్స్ కింద ఫైళ్లు సరిచూసే బటన్ ఉంది, రిపోర్ట్ రాసేముందు ఒకసారి నొక్కండి.

అపోహ: ఓడిపోయామంటే గేమ్‌లో పక్షాల బలాల మధ్య బ్యాలెన్స్ తప్పింది.

వాస్తవం: ఇక్కడ నిదానంగా లెక్క వేసుకోవాలి, ఎందుకంటే బ్యాలెన్స్ ఫీడ్‌బ్యాక్‌లో ఎక్కువ భాగం ఇక్కడే దారి తప్పుతుంది. 90 శాతం గురి అని చూపించిన దాడి తప్పితే మోసం అనిపిస్తుంది. కానీ అలాంటి దాడులు 20 చేస్తే, కనీసం ఒకటి తప్పే అవకాశం దాదాపు 88 శాతం. వరుసగా రెండు తప్పడం కూడా వందలో ఒకసారి జరగాల్సిందే, వందల దాడులుండే క్యాంపెయిన్‌లో అది ఎదురుపడుతుంది. మనకు గుర్తుండేది తప్పిన దాడి, తగిలిన పద్దెనిమిదీ గుర్తుండవు.

మ్యాచ్‌ల లెక్కా అంతే. సమానమైన రెండు పక్షాలు పది మ్యాచ్‌లు ఆడితే, మీరు అనుమానించే పక్షం ఏడు లేదా అంతకుమించి గెలవడం కేవలం అదృష్టంతో 17 శాతం సార్లు జరుగుతుంది. పది మ్యాచ్‌లతో "ఈ పక్షం బలం ఎక్కువ" అనలేం. అదే సమాన నైపుణ్యం ఉన్నవాళ్ల మధ్య వంద మ్యాచ్‌ల్లో 70 గెలిస్తే, అది అదృష్టమయ్యే అవకాశం పదివేలలో ఒకటి కూడా కాదు. అప్పుడు మాట్లాడొచ్చు. కాలేజీ స్నేహితులు నలుగురైదుగురు కలిస్తే ఎదురుచూసే వారాల్లో ఈ లెక్క పోగవుతుంది. తేదీ, మ్యాప్, ఎవరు ఏ పక్షం, ఎన్ని నిమిషాలు, ఎవరు గెలిచారు, ఈ ఐదు గడులు చాలు. పక్షాలు మార్చుకుంటూ ఆడండి, లేకపోతే ఆటగాడి బలం పక్షం బలంలా కనిపిస్తుంది.

అపోహ: మంచి టెస్టర్ పరిష్కారం కూడా చెప్పాలి.

వాస్తవం: చెప్పొచ్చు, కానీ సమస్య తర్వాత చెప్పాలి. "విలుకాళ్ల దెబ్బ 20 శాతం తగ్గించండి" అని మాత్రమే రాస్తే, మీకు నొప్పి ఎక్కడుందో వాళ్లకు తెలియదు. "నాలుగో నిమిషంలో ఆరుగురు విలుకాళ్లు వచ్చారు. అప్పటికి నా దగ్గర గోడ కట్టడానికి సరిపడా రాయి లేదు, గుర్రపుశాల ఇంకా తెరుచుకోలేదు. ఎదురు చేయడానికి నాకు ఏమీ దొరకలేదు" అని రాస్తే, డిజైనర్ రాయి ధర తగ్గించాలా, గుర్రపుశాలను ముందుకు జరపాలా, విలుకాళ్ల శిక్షణ కాలం పెంచాలా అని చూసుకుంటారు. దెబ్బ తగ్గిస్తే ఆట చివర్లో విలుకాళ్లు ఎందుకూ పనికిరాకుండా పోవచ్చు, ఆ లెక్క వాళ్ల దగ్గరే ఉంటుంది. మీకు ఏం అర్థం కాలేదో, ఎక్కడ విసుగొచ్చిందో కూడా రాయండి. అలాంటి చోటును మొదటి గంటలోనే రాసుకోవాలి, అలవాటయ్యాక అది మన కంటికి ఆనదు.

అపోహ: ల్యాగ్ అంటే సర్వర్ తప్పు.

వాస్తవం: ల్యాగ్ అని మనం పిలిచేవి మూడు వేరు వేరు జబ్బులు. బొమ్మ తడబడితే పరికరం మీద భారం. బొమ్మ సాఫీగా ఉండి, ఇచ్చిన ఆజ్ఞ ఆలస్యంగా అమలైతే నెట్‌వర్క్. కంప్యూటర్ ప్రత్యర్థి టర్న్ మాత్రమే మరీ ఎక్కువసేపు సాగితే ప్రాసెసర్ మీద గేమ్ వేసిన లెక్క. తేల్చుకోవడానికి, గేమ్ ఒప్పుకుంటే ఏరోప్లేన్ మోడ్‌లో అదే మ్యాప్ ఒంటరిగా ఆడండి. అక్కడా తడబడితే నెట్‌వర్క్ పేరు ఎత్తక్కర్లేదు.

మే నెలలో కోనసీమ ఉక్కపోతలో, ఛార్జింగ్ పెట్టి, కవర్ తీయకుండా ఆడిన ఫోన్ వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. కవర్ తీసి, ఛార్జర్ పీకి, 20 నిమిషాలు చల్లారనిచ్చి మళ్లీ చూడండి. చల్లారాక బాగుంటే రిపోర్ట్ మానేయమని కాదు. "అరగంట ఆడాక ఫోన్ వేడెక్కి ఫ్రేమ్‌లు సగానికి పడ్డాయి, చల్లారాక సర్దుకుంది" అని రాయండి. ఏసీ గదిలో పరీక్షించేవాళ్లకు ఇది కనిపించకపోవచ్చు. తుఫాను రోజుల్లో కరెంటు పోవడమూ అలాంటిదే. ఆటోసేవ్ రాస్తుండగా డెస్క్‌టాప్ ఆగిపోయి ఆ ఫైల్ తెరుచుకోకపోతే, అది మన ఖర్మ అని వదిలేయకండి. ముందు తాత్కాలిక ఫైల్‌లో రాసి, పూర్తయ్యాకే అసలు దాని స్థానంలో పెట్టేలా గేమ్ చేస్తే పాత సేవ్ అయినా బతుకుతుంది. పాడైన ఫైల్, దాని ముందు ఆటోసేవ్ రెండూ జతచేసి పంపండి. డెల్టా నుంచి వెళ్లే రిపోర్టుల్లో ఇలాంటివాటికే విలువ ఎక్కువ.

మల్టీప్లేయర్‌లో డీసింక్ (ఇద్దరి కంప్యూటర్లలో ఆట వేర్వేరుగా నడవడం) వస్తే ఒక్కరి లాగ్ సరిపోదు. 1997 నాటి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ నుంచి చాలా రియల్ టైమ్ స్ట్రాటజీ గేములు సైనికుల స్థానాలు పంపవు, ఆటగాళ్ల ఆజ్ఞలే పంపుతాయి. ప్రతి కంప్యూటర్ అదే లెక్క విడిగా కట్టుకుంటుంది. సెకనుకు 28.8 కిలోబిట్ల మోడెమ్ మీద వందలాది సైనికులు నడిచింది అందుకే. ఎక్కడో చిన్న తేడా వస్తే ఇద్దరి ప్రపంచాలు విడిపోతాయి. తేడా ఎక్కడ మొదలైందో రెండు లాగ్‌లు పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది. కాబట్టి కాకినాడలో మీరు, తణుకులో మీ స్నేహితుడు ఆడితే ఇద్దరి ఫైళ్లూ ఒకే రిపోర్ట్‌లో వెళ్లాలి.

అపోహ: ఇంగ్లీష్ బాగా రాకపోతే ఫీడ్‌బ్యాక్ ఇవ్వలేం.

వాస్తవం: పైన చూపిన రిపోర్ట్‌లో వ్యాకరణం అవసరమైన వాక్యాలు ఎన్ని? దశలు, అంకెలు, సేవ్ ఉంటే విరిగిన ఇంగ్లీషైనా చాలు. పైగా తెలుగువాళ్లకే దొరికే బగ్గులున్నాయి. విండోస్ యూజర్ పేరు తెలుగు లిపిలో ఉంటే ఫైల్ దారి చదవలేక సేవ్ కాని గేములుంటాయి. ఆటగాడి పేరు తెలుగులో కొడితే డబ్బాలు రావచ్చు, "స్త్రీ", "క్ష్మి" లాంటి చోట వత్తులు విడిపోయి పక్కన పడొచ్చు. స్క్రీన్‌షాట్‌తో పాటు, ఆ పదాన్ని కాపీ చేసుకునేలా టెక్స్ట్‌గా కూడా ఇవ్వండి. తెలుగు రాని డెవలపర్‌కు సరైన రూపం ఎలా ఉండాలో బొమ్మగా చూపించండి.

అపోహ: ఒకే బగ్ మీద వందమంది రిపోర్ట్ పెడితే త్వరగా కదులుతుంది.

వాస్తవం: వంద రిపోర్టులు చదివి కలపడానికే వాళ్ల టైమ్ పోతుంది. ముందు వెతకండి. అదే బగ్ ఉంటే దాని కిందే మీ పరికరం, మీ బిల్డ్, మీ "ఎన్నిసార్లు" రాయండి. ఒక్కో బగ్‌కు ఒక్కో రిపోర్ట్. ఐదింటిని ఒకే చోట కుక్కితే, ఒకటి సరిచేయగానే మిగతా నాలుగూ దాంతో మూసుకుపోవచ్చు.

ప్లే స్టోర్ బీటాలో ఒక్క స్టార్ ఇస్తే ఒత్తిడి పెరుగుతుందన్న నమ్మకమూ ఉంది. బీటా టెస్టర్ రాసింది డెవలపర్‌కు ప్రైవేట్‌గా వెళ్తుంది, పబ్లిక్ రేటింగ్‌లో కలవదు. క్లోజ్డ్ బీటా అయితే ఒప్పందం చదవండి. గోప్యత షరతు ఉంటే వాట్సాప్ గ్రూప్‌లో పెట్టిన స్క్రీన్‌షాట్ కూడా ఉల్లంఘనే.

అప్‌డేట్ వచ్చిన రోజు వరుస ఇలా పెట్టుకోండి. దాచిన సేవ్‌ల కాపీ ఒకటి తీసి, కొత్త బిల్డ్‌లో తెరిచి, అవే టర్న్లు మళ్లీ కొలవండి. తర్వాత కొత్త గేమ్ మొదలుపెట్టి అక్కడా చూడండి. పాత సేవ్‌లో మాత్రమే వచ్చే తప్పు పాత బిల్డ్ వదిలిన మురికి కావచ్చు, కొత్త గేమ్‌లోనూ వస్తే అది కొత్త బిల్డ్‌దే. ఏ సేవ్‌లో చూశారో రిపోర్ట్‌లో తప్పకుండా రాయండి. ఆ తర్వాత ప్యాచ్ నోట్స్‌లో (అప్‌డేట్‌తో వచ్చే మార్పుల జాబితాలో) "సరిచేశాం" అన్నవాటిలో మీరు పెట్టిన రిపోర్టులు తెరిచి, అవే దశలు అన్నేసార్లు చేసి, "0.8.4లో 5లో 0" అని కింద రాయండి. ఈ ఒక్క లైన్ రాసేవాళ్లు బాగా తక్కువ, డెవలపర్ ఎదురుచూసేది దానికోసమే.